ఒంటితోనే అయిదు తాళాలు

చాతంలో ఉండే మేం కొందరం కంప్యూటర్‌లో పాటలు కట్టడం నేర్చుకుంటున్నాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న దరువు ముక్కను ఎంచుకుంటే అది ఆగకుండా తిరిగి తిరిగి మోగుతుంది. దాన్ని లూప్ అంటారు. అలాంటివి ఒకదానిమీద ఒకటి పేరిస్తే పాట అవుతుంది. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇలాంటి పనిని తన ఒంటితోనే చేసి చూపించిన తెలుగువారు ఆదిభట్ల నారాయణదాసు గారు.

దాసు గారు 1864 ఆగస్టు 31న బొబ్బిలి దగ్గర అజ్జాడ గ్రామంలో పుట్టారు. చిన్నప్పటి పేరు సూర్యనారాయణ. 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విని, తానూ హరిదాసు కావాలనుకున్నారు. ఆ ఏడాదే ‘ధ్రువ చరిత్ర’ రాసి, కాలికి గజ్జె కట్టారు. మన చాతం రంపపు మిల్లు మొదలైనదీ 1883లోనే!

హరికథలో ఒక్కరే పాడాలి, ఆడాలి, కథ చెప్పాలి. దాసు గారు వాటితో పాటు రెండు చేతులతో రెండు తాళాలు, రెండు పాదాలతో మరో రెండు, తలతో అయిదోది వేసేవారట. అందుకే ఆయనను పంచముఖి పరమేశ్వరుడని, లయబ్రహ్మ అని పిలిచారు.

ఇందులో ఎంత లెక్క ఉందో చూడండి. మూడు దెబ్బల తాళం, నాలుగు దెబ్బల తాళం ఒకేసారి మొదలుపెడితే మళ్ళీ 12 దెబ్బల తర్వాతే కలుస్తాయి. అయిదు, ఏడు కూడా చేరిస్తే 420 దెబ్బలు ఆగాలి. మనం నేర్చుకున్న క.సా.గు. ఇదే. లూప్‌లను కంప్యూటర్ లెక్క తప్పకుండా నడుపుతుంది. దాసు గారికి ఆ లెక్క ఒంట్లోనే నడిచేది.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయనే మొదటి ప్రిన్సిపాల్. 1936 వరకు ఆ బాధ్యత చూశారు. తర్వాతి కాలంలో ఘంటసాల గారు చదివింది అక్కడే. దాసు గారు ఉమర్ ఖయ్యాం పద్యాలను సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి తెచ్చారు. 1945 జనవరి 2న కన్నుమూశారు.

మాలో ఇద్దరి నాన్నలకు బదిలీ అయింది. పాట ఇంకా సగంలోనే ఉంది, కంప్యూటర్ ఇక్కడే ఉంటుంది. అందుకని వాళ్ళు ఓడ ఎక్కేలోగా అందరం కుడిచేత్తో మూడు, ఎడమచేత్తో నాలుగు వేయడం సాధన చేస్తున్నాం. మీరూ మొదలుపెట్టండి. పన్నెండో దెబ్బ అయ్యాక రెండు చేతులూ కలిసి పడితే, లెక్క సరిపోయినట్టే.