కోడి రామమూర్తి నాయుడు

మన ఉద్దానపు గ్రామములలో సంక్రాంతినాడు సంగిడి రాతిని భుజమున కెత్తిన యువకుని జూచుటకు ఊరంతయు గుమిగూడును. పలాస, టెక్కలి ప్రాంతముల పొలములయందును, బారువ తీరమున వలలు లాగు బెస్తలయందును కండబలము గలవారికి కొదువ లేదు. కాని పండుగ ముగిసినతోడనే ఆ బలమును మెచ్చుకొనువారు ఇండ్లకు బోవుదురు. బలశాలి తన కూలిపనికి బోవును. దేహబలము వినోదమే కాక జీవనోపాధి కూడ కాగలదా యను ప్రశ్న మన బాలురకును, వారి తల్లిదండ్రులకును ఎప్పుడును గలదు.

అమెరికా దేశపు ఫుట్‌బాల్ ఆటలో ఎదుటి పక్షమును అడ్డగించుటకై ముందువరుసలో నిలుచు బలిష్ఠులను ఉన్నత పాఠశాలలయందే గుర్తించి కళాశాలలవారు చేర్చుకొందురు. వారిలో మేటులగువారిని వృత్తిజట్లవారు 1936 మొదలు ఏటేట ఎన్నుకొనుచున్నారు. మన దేశమున అట్టి బాట లేని దినములలో తన బాటను తానే వేసికొన్న తెలుగు వీరుడు కోడి రామమూర్తి నాయుడుగారు.

వీరు 1880 దశకమున, అప్పటి విశాఖపట్టణ మండలమందలి వీరఘట్టమున జన్మించిరి. ఆ గ్రామము తరువాత శ్రీకాకుళము జిల్లాలో జేరి, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో నున్నది. తండ్రి వెంకన్న నాయుడుగారు. పసితనముననే తల్లి గతించుటచే పిల్లవాడు గారాబముగా బెరిగెను. చదువుకంటె వ్యాయామముపై మక్కువ హెచ్చు. కుమారుని భవిష్యత్తునకు చింతిల్లి తండ్రి అతనిని విజయనగరమందు పోలీసు ఉద్యోగములో నున్న పినతండ్రి నారాయణస్వామిగారి యొద్దకు బంపెను. అక్కడ పుస్తకములపై శ్రద్ధ కుదురలేదు గాని, వ్యాయామశాల దొరికెను, కుస్తీ అలవడెను.

పెద్దలకు నిరాశ కలిగించిన ఆ మక్కువయే క్రమశిక్షణకు లోబడినప్పుడు విద్యగా మారెను. రామమూర్తిగారు మద్రాసు చేరి, సైదాపేటలో నొక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, ఉపాధ్యాయార్హత సంపాదించిరి. పిమ్మట విజయనగరమున తాము చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ శిక్షకులైరి. పాఠములు రుచింపని బాలుడు గురువై అదే బడికి మరలి వచ్చుట చూచితిరా!

నెలజీతము గల ఆ కొలువును విడుచుట సాహసమే. ఐనను మిత్రుని ప్రోత్సాహమున సర్కస్ సంఘమును స్థాపించి, బలప్రదర్శనమునే వృత్తిగా గైకొనిరి. శరీరమునకు ఇనుప గొలుసులు బిగించుకొని, ఊపిరి బూరించి వానిని తెంపెడివారు. భుజములకు కట్టిన త్రాళ్లతో మోటారు బండ్లను కదలనీయక నిలిపెడివారు. రొమ్ముపై పలక నుంచి ఏనుగు నెక్కించుకొనెడివారు. వెడల్పాటి పలక బరువును దేహమంతటికి పంచును. నిండుగా పట్టిన గాలి ఎముకలగూటికి ఆసరా యిచ్చును. కావున ఇది మంత్రము గాదు. ఏండ్ల తరబడి చేసిన ప్రాణాయామమునకును, కసరత్తునకును ఫలము. మాంసాహారము లేనిదే బలము రాదనువారికి శాకాహారియగు వీరి దేహమే సమాధానము.

ప్రష్యాలో బుట్టిన శాండో పేరు లోకమంతట మ్రోగుచున్న కాలమది. రామమూర్తిగారు దేశమంతట తిరిగి, లండనుకును బోయి, ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట తమ బలమును జూపి మెప్పు వడసిరి. ఇండియన్ హెర్క్యులీస్ అను బిరుదు వారి పేరునకు జతపడెను. తెలుగువారు కలియుగ భీముడని పిలుచుకొనిరి.

అయితే దేహమును నమ్మిన వృత్తి దేహముతోనే తీరును. కడపటి దినములలో కాలికి పుండు లేచి, కాలు తీసివేయవలసి వచ్చెను. ఏనుగును మోసిన మనుష్యుడు తన బరువునకే ఊతకర్ర నాశ్రయించెను. సంపాదించిన సొమ్ములో ఎంతయో దానములకు వెచ్చించిన వీరు ఒడిస్సా సంస్థానాధీశుల ఆదరణమున కాలము గడిపి, 1942 జనవరిలో బలాంగీరున గతించిరి.

శ్రీకాకుళమందలి క్రీడాప్రాంగణమునకు వీరి పేరు బెట్టిరి. విశాఖ సముద్రతీరమున వీరి విగ్రహము నిలిచినది. వీరు తెరచిన మార్గము మూయబడలేదు. మన జిల్లాలోని వూసవానిపేటలో బెరిగిన కరణం మల్లేశ్వరిగారు 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తి కాంస్య పతకము గెలిచి, ఆ క్రీడలలో పతకము నందిన మొదటి భారతీయ మహిళ యైరి.

బాలబాలికలారా! డ్రిల్లు గంటను ఆటవిడుపుగా నెంచకుడు. అది యొక పాఠమే. కాని రామమూర్తిగారు బలమునకు శిక్షణను, శిక్షణకు అర్హతను జోడించుకొన్న పిమ్మటనే లోకమును జయింప బయలుదేరిరని మరువకుడు. తల్లిదండ్రులారా! పుస్తకము నొల్లని పిల్లవానిని పనికిమాలినవాడనుటకు ముందు, వాని మక్కువ ఎందున్నదో యొకసారి పరికింపుడు. దానికి తగిన గురువును వెదకి యిచ్చుట మనవంతు.