ఒట్టు పెట్టని జార్జి ఫాక్సు

ఈ నెల ధ్యానమునకై మత్తయి సువార్త 5వ అధ్యాయము 33 మొదలు 37 వరకు చదువుకొందము. ఆ ఆజ్ఞను ఉన్నది ఉన్నట్లుగా నమ్మి కష్టములు పడిన యొక దైవజనుని చరిత్ర తెలిసికొందము.

జార్జి ఫాక్సు 1624లో ఇంగ్లండు దేశమున ఫెన్నీ డ్రేటను అను పల్లెలో జన్మించెను. తండ్రి నేతపనివాడు. జార్జి చిన్నతనముననే చెప్పులు కుట్టు నొక యజమానుని యొద్ద పనికి కుదిరెను. ఆయన ఉన్నిని, పశువులను కూడ అమ్ముచుండెను. బేరములలో జార్జి ఒకసారి చెప్పిన మాట మార్చడని అందరును ఎరిగియుండిరి.

పెద్దవాడై ఫాక్సు సువార్త ప్రకటింపగా అనేకులు ఆయనతో కూడుకొనిరి. వారినే క్వేకరులందురు. ఆ కాలమున వర్తకుడు ధర హెచ్చించి చెప్పుటయు, కొనువాడు తగ్గించి అడుగుటయు వాడుక. క్వేకరు వర్తకులు సరియైన ధరనే చెప్పి దానినే తీసికొనిరి. మొదట వారికి బేరములు పోయినవి. అయితే చిన్నబిడ్డను పంపినను మోసము జరుగదని తెలిసికొని, జనులు తిరిగి వారి అంగళ్లకే వచ్చిరి.

ఫాక్సునకు గొప్ప పరీక్ష 1664లో లాంకాస్టరు న్యాయస్థానములో కలిగెను. రాజునకు లోబడియుందునని ప్రమాణము చేయుమని ఆయనను అడిగిరి. ఆయన రాజద్రోహి కాడు. అయినను, తన చేతికిచ్చిన బైబిలే ఒట్టు పెట్టవద్దనుచున్నదని చెప్పి నిరాకరించెను. అందుచేత చెరలో వేసిరి. పిమ్మట స్కార్బరో కోటకు మార్చిరి. అక్కడ సముద్రపు గాలివాన ఆయన గదిలోనికే కొట్టుచుండెను. 1666లో విడుదల పొంది, 1691లో ప్రభువునందు నిద్రించెను. క్వేకరులు ఒట్టు లేకుండ చెప్పు మాటను అనేక విషయములలో అంగీకరించు చట్టము 1696లో వచ్చెను. ఆయన దానిని చూడలేదు.

మన సంగతి యేమి? బిడ్డమీద ఒట్టనియు, బైబిలుమీద ఒట్టనియు ఊరకయే అనుచుందుము. ఒట్టు పెట్టినప్పుడే నిజము పలుకుదుమనిన, తక్కిన మాటలు నమ్మదగినవి కావని మనమే ఒప్పుకొన్నట్లు గదా! అప్పులవాడు వచ్చినప్పుడు, ఇంటనుండియే లేమని పిల్లలచేత చెప్పింతుము. ఆ పిల్లలకే సండేస్కూలులో పది ఆజ్ఞలు నేర్పుదుము. ఇది వ్రాయు మేమును ఈ విషయములో తప్పినవారమే.

మన ఊరివారు బైబిలు చదువకపోవచ్చును గాని మన మాటను దినదినము వినుచున్నారు. ఈ నెల ఒట్టు లేకుండ, నిజమే పలుకుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక.