ప్లేగుపై పోరాడిన హాఫ్కిన్

మశూచికి టీకా కనుగొన్న జెన్నరు పేరు, పిచ్చికుక్క కాటుకు మందు కనిపెట్టిన పాస్తూరు పేరు పాఠశాల విద్యార్థులందరికీ తెలిసినవే. కాని భారతదేశంలోనే ఉండి, ఇచటి ప్రజల ప్రాణరక్షణకై టీకా సిద్ధపరచి, తొలి మోతాదును తన శరీరంలోనికే ఎక్కించుకొన్న వాల్డెమార్ హాఫ్కిన్ పేరు అంతగా వినబడదు. శాస్త్రవిజయంతోపాటు, పరుల పొరపాటుకు తాను నింద మోయవలసివచ్చిన దుఃఖం కూడ ఆయన చరిత్రలో ఉన్నది.

హాఫ్కిన్ 1860 మార్చి 15న నల్లసముద్రపు ఒడ్డున ఉన్న ఒడెస్సా నగరంలో, ఒక యూదు వర్తకుని ఇంట జన్మించినాడు. నాడది రష్యా సామ్రాజ్యంలోనిది. నేడు ఉక్రెయిన్ దేశంలో ఉన్నది. విద్యార్థి దశలోనే, యూదులపై మూకలు విరుచుకుపడినప్పుడు వారి రక్షణకు నిలిచి గాయపడి, నిర్బంధానికి గురియైనాడు. మతం మార్చుకొన్నచో విశ్వవిద్యాలయంలో ఉన్నతపదవికి దారి ఏర్పడి ఉండేది. ఆయన అందుకు సమ్మతించలేదు.

ఒడెస్సాలో ఆయనకు జీవశాస్త్రం బోధించిన గురువు ఇల్యా మెచ్నికోఫ్. ఈ గురువు 1882లో ఇటలీలోని మెస్సీనా తీరాన ఒక చిన్న ప్రయోగం చేసినాడు. సముద్ర నక్షత్రమనే జలజీవి యొక్క పారదర్శకమైన డింభకంలో సన్నని ముల్లు గ్రుచ్చి, సూక్ష్మదర్శినితో పరిశీలించగా, సంచరించే కణాలు వచ్చి ఆ ముల్లును చుట్టుముట్టి ఉన్నవి. మన వేలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు జరిగేదీ ఇట్టిదే. ఆ చోట రక్తనాళాలు వెడల్పగును. అందుచేత చర్మం ఎఱ్ఱబారి వేడెక్కును. రక్తంలోని ద్రవం, తెల్లకణాలు బయటికి ఊరును. అందుచేత వాపు, సలుపు కలుగును. తెల్లకణాలు క్రిములను మ్రింగి జీర్ణించుకొనును. అనగా వాపు కేవలం వ్యాధి చేసే హాని కాదు. శరీరం తన్ను తాను కాపాడుకొనే యత్నం. ఈ పరిశోధనలకు మెచ్నికోఫ్ 1908లో నోబెల్ బహుమతిని పాల్ ఎర్లిఖ్‌తో పంచుకొన్నాడు.

మెచ్నికోఫ్ 1888లో పారిస్‌లోని పాస్తూరు సంస్థకు చేరినాడు. మరుసటి యేడు శిష్యుడును అచటికే వెళ్ళినాడు. శాస్త్రజ్ఞుని పదవి ఖాళీ లేక, మొదట గ్రంథాలయంలో చిన్న ఉద్యోగంలో కుదిరినాడు. తీరికవేళల్లో పరిశోధన సాగించి, కలరా క్రిములతో టీకా సిద్ధపరచి, 1892 జూలై 18న తానే వేసికొన్నాడు. 1893లో కలకత్తాకు వచ్చినాడు. అచటి కట్టల్ బగాన్ అనే పేదల బస్తీలో సుమారు 200 మంది నివసించేవారు. కలరా తలయెత్తగానే వారిలో 116 మంది టీకా వేయించుకొన్నారు. అటుపిమ్మట ఆ బస్తీలో జబ్బు పడినవారందరూ టీకా వేయించుకొననివారే.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించినది. అటుపై కొన్ని దశాబ్దాలలో దేశమంతటా కోటిమందికి పైగా జనాన్ని బలిగొన్న ఉపద్రవమిది. ప్రభుత్వం పిలువగా హాఫ్కిన్ బొంబాయికి వచ్చి, గ్రాంట్ వైద్య కళాశాలలోని ఇరుకుచోట పని ఆరంభించినాడు. సహాయకులు ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు మాత్రమే. గాజుపాత్రలలో మాంసరసం పోసి, అందులో ప్లేగు క్రిములను పెంచినాడు. పైన తేలే నేతిచుక్కల నుండి ఆ క్రిములు ఊడలవలె క్రిందికి వ్రేలాడుతూ పెరిగేవి. ఇచటివారి మతాచారాలను గౌరవించి గోమాంసాన్ని మాని మేకమాంసం వాడినాడు. క్రిములు బాగుగా పెరిగిన పిదప వేడిచేసి చంపి, కార్బాలిక్ ఆమ్లం చేర్చినాడు. 1897 జనవరి 10న ఆ మందును 10 ఘన సెంటీమీటర్లు తన శరీరంలోనికి ఎక్కించుకొన్నాడు. జ్వరం వచ్చినది, సూది గ్రుచ్చిన చోట వాచి నొప్పి పెట్టినది. కొలది దినాలలో తగ్గిపోయినది.

చచ్చిన క్రిములు వ్యాధిని కలిగించలేవు. కాని శరీరం వాటిని శత్రువులుగానే గుర్తించును. మ్రింగెడి కణాలు వాటి తునకలను చంకలలో, గజ్జలలో ఉండే శోషరస గ్రంథులకు కొనిపోవును. ప్లేగులో బిళ్ళలు కట్టేదియు ఆ గ్రంథులే. అచట లింఫోసైట్లనే కణాలు ఆ తునకల ఆకారానికి సరిపడు ప్రతిరక్షకాలను తయారుచేయును. కొన్ని కణాలు ఆ జ్ఞాపకాన్ని నిలుపుకొని, నిజమైన క్రిములు వచ్చినప్పుడు ఆలసింపక విజృంభించును. ఈ వివరాలలో పెక్కు హాఫ్కిన్ కాలం తరువాత తేలినవి. ఫలితాన్ని మాత్రం ఆయన కన్నులార చూచినాడు. ఆ నెలలోనే బైకల్లా జైలులో ప్లేగు పుట్టగా, ఖైదీలలో సుమారు సగంమంది ఇష్టపడి టీకా వేయించుకొన్నారు. వేయించుకొననివారిలో 12 మందికి వ్యాధి సోకి ఆరుగురు మరణించినారు. వేయించుకొన్నవారిలో ఇద్దరికే సోకినది, ఇద్దరును బ్రదికినారు. 1899లో పరేల్‌లోని పాత గవర్నరు భవనంలో ఆయన ప్రయోగశాల నెలకొన్నది.

ఇంతలో విపత్తు వచ్చినది. 1902 అక్టోబరు 30న పంజాబులోని మల్కోవాల్ గ్రామంలో అయిదు సీసాల నుండి 107 మందికి టీకాలు వేసినారు. ఒక సీసా నుండి మందు పొందిన 19 మందికి ధనుర్వాతం సోకినది. ఒక్కరును దక్కలేదు. మిగిలిన 88 మందికి ఏ హానియు లేదు. విచారణ సంఘం దోషం ప్రయోగశాలలోనే జరిగినదని తేల్చినది. కార్బాలిక్ ఆమ్లాన్ని మాని వేడిమిపైననే ఆధారపడుట తప్పన్నారు. హాఫ్కిన్ పదవి పోయినది, ఇంగ్లండుకు వెళ్ళవలసివచ్చినది.

నిజానికి సాక్ష్యం వేరుగా ఉన్నది. సీసా తెరచునప్పుడు సహాయకుని చేతి పట్టకారు నేలపై పడినది. దానిని నిప్పుసెగపై కాల్చక, క్రిమినాశక ద్రవంలో త్రిప్పి వాడినారు. ధనుర్వాతపు క్రిములు మట్టిలో నివసించేవి. వారాల క్రితమే ప్రయోగశాలలో అవి చేరి ఉన్నచో మందు దుర్గంధం కొట్టవలసినది. తెరచినప్పుడు అట్టి వాసన లేదు. ఈ అన్యాయాన్ని ఎత్తిచూపినవారిలో అగ్రగణ్యుడు రొనాల్డ్ రాస్. 1897లో సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్న శాస్త్రజ్ఞుడీయనే. రాస్, మరి కొందరు ప్రముఖులు పత్రికాముఖంగా వాదించగా, 1907లో హాఫ్కిన్ నిర్దోషియని ప్రభుత్వం అంగీకరించినది. ఆయన కలకత్తాకు తిరిగివచ్చినాడు. కాని మునుపటి అధికారం గాని, క్రొత్త టీకాలను ప్రజలపై పరీక్షించే అవకాశం గాని దక్కలేదు. కొన్ని సంవత్సరాలకు పదవి విరమించి ఐరోపాకు వెళ్ళిపోయినాడు.

బొంబాయి ప్రయోగశాలకు 1925లో హాఫ్కిన్ సంస్థ అని పేరు పెట్టినారు. ఆయన 1930 అక్టోబరు 26న స్విట్జర్లండులోని లొసాన్ నగరంలో కన్నుమూసినాడు. ఆయన ప్లేగు టీకా ఇచ్చిన రక్షణ చిరకాలం నిలిచేది కాదు. ఊపిరితిత్తులకు సోకే ప్లేగును అడ్డలేదు కూడ. నేడు ప్లేగును నయంచేయుటకు ఆంటీబయాటిక్ మందులు ఉన్నవి. అయినను, చంపిన క్రిములతో శరీరాన్ని ముందుగా సంసిద్ధపరచే పద్ధతి నేటికిని పలు టీకాలలో నిలిచియున్నది.

టీకాకు కావలసినవి రెండు: శరీరానికి శత్రువును గుర్తుచేసే మందు, దానిని వేసే చేతుల శుభ్రత. మొదటిదానిని హాఫ్కిన్ సమకూర్చినాడు. రెండవదానిలో మరొకరు ఏమరగా, మల్కోవాల్‌లో 19 ప్రాణాలు పోయినవి. తానెరుగని తప్పునకు హాఫ్కిన్ అయిదేండ్లు అపరాధిగా నిలువవలసివచ్చినది.