లండన్‌లో పుత్లీబాయి కొడుకు

పిల్లాణ్ణి చదువు కోసం మొదటిసారి హైదరాబాదో బెంగళూరో పంపేటప్పుడు మన ప్రాణం ఎలా కొట్టుకుంటుందో వేరే చెప్పాలా! వేళకి తింటాడా, ఎలాంటి వాళ్లతో తిరుగుతాడు, మనల్ని మర్చిపోడు కదా! 1888లో రాజకోటలో పుత్లీబాయి అనే తల్లిదీ ఇదే బెంగ. భర్త పోయి మూడేళ్లు కూడా నిండలేదు. ఆఖరి కొడుకు మోహన్‌దాస్ బారిస్టరు చదువుకి లండన్ వెళ్తానని కూర్చున్నాడు. ఇంకా పంతొమ్మిదేళ్లు నిండలేదు. అప్పటికే పెళ్లయింది, భార్య కస్తూర్‌బా ఒళ్లో నెలల పిల్లాడు.

అక్కడికి వెళ్లిన కుర్రాళ్లు చెడిపోతారని, మాంసం, మద్యం లేకుండా బతకలేరని ఎవరో ఆవిడ చెవిన వేశారు. ఆవిడ ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి జైన సాధువు బేచార్జీ స్వామి ఎదుట మద్యం, మాంసం, పరస్త్రీ జోలికి పోనని కొడుకు చేత ప్రమాణం చేయించాకే సరేనంది. బొంబాయిలో కులపెద్దలు సముద్రం దాటితే వెలేస్తామన్నారు. అన్నట్టే వెలేశారు కూడా. అయినా ఆ కుర్రాడు సెప్టెంబరు 4న ఓడెక్కేశాడు.

ఆ నెలాఖరులో ఒక శనివారం లండన్‌లో దిగాడు. దిగుతూనే తలవంపులు! బాగుంటుందని దాచుకున్న తెల్ల ఫ్లానెల్ సూటు వేసుకున్నాడు. చూస్తే అలాంటి బట్టల్లో ఉన్నది తనొక్కడే. పెట్టెలన్నీ ఏజెంటు దగ్గరుండిపోయాయి, మర్నాడు ఆదివారం. మార్చుకోవడానికి మరో జత లేదు. ఆ సాయంత్రం హోటలుకి చూడవచ్చిన డాక్టర్ మెహతా గారి టోపీ నున్నగా ఉంటే ముచ్చటపడి చేత్తో నిమిరాడు. దాని నూగు కాస్తా చెదిరింది. ఇతరుల వస్తువులు ముట్టుకోకూడదనీ, గట్టిగా మాట్లాడకూడదనీ, కొత్తవాళ్లని మన ఊళ్లోలా ప్రశ్నలు వేయకూడదనీ ఆయన నెమ్మదిగా మందలించారు. నగరం నేర్పిన మొదటి పాఠం అది.

పగలు ఎలాగో గడిచేది. రాత్రయితే అమ్మ గుర్తొచ్చి కన్నీళ్లు ఆగేవి కావు. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మనిషి లేడు. వెనక్కి వెళ్లిపోదామంటే పరువు పోతుంది.

అన్నిటికంటే పెద్ద కష్టం తిండిది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కూరలు గొంతు దిగేవి కావు. పొద్దున్న ఓటు జావ, మధ్యాహ్నం పాలకూర, రొట్టె, జాము. రెండు మూడు రొట్టె ముక్కలు తిన్నాక ఇంకొకటి అడగడానికి మొహమాటం. తర్వాత అద్దెకి దిగిన ఇంటి యజమానురాలు ఒక వితంతువు. ఆవిడ కూతుళ్లిద్దరూ పాపం ఒకటి రెండు ముక్కలు ఎక్కువ వడ్డించేవారు. మొత్తం రొట్టె పెట్టినా సరిపోని వయసని వాళ్లకేం తెలుసు! చదువు రాని తల్లికి, ఇక్కడి సంగతులు తెలియని తల్లికి ఇచ్చిన మాటకి విలువేముందని ఒక స్నేహితుడు రోజూ వాదించేవాడు. మోహన్‌దాస్‌కి తిరిగి వాదించడం చేతకాలేదు. మాట తప్పడం కూడా చేతకాలేదు.

ఆ ఆకలే అతన్ని నగరంలో నడిపించింది. శాకాహారం దొరికే చోటు వెతుక్కుంటూ రోజుకి పది పన్నెండు మైళ్లు తిరిగేవాడు. ఒకరోజు ఫారింగ్‌డన్ వీధిలో ఆ హోటలు కనిపించింది. కోరిన బొమ్మ దొరికిన పసివాడిలా సంబరపడ్డాడు. అక్కడే హెన్రీ సాల్ట్ శాకాహారం మీద రాసిన పుస్తకం ఒక షిల్లింగు పెట్టి కొన్నాడు. ఆ దేశంలో కాలుపెట్టాక కడుపునిండా తిన్నది ఆ పూటే. ఆ పుస్తకం చదివాక, అమ్మ కోసం పట్టిన నియమం తన సొంత నమ్మకమైంది. శాకాహార సంఘంలో చేరాడు, స్నేహితులు దొరికారు. కొరుకుడు పడని నగరం కొద్దికొద్దిగా తనదైంది.

అంతమాత్రాన పట్నం మోజు అంటలేదనుకోకండి. బాండ్ స్ట్రీటులో పది పౌండ్లు పోసి సూటు కుట్టించాడు. పందొమ్మిది షిల్లింగుల టోపీ, అన్నగారు పంపిన బంగారు గొలుసు, రోజూ పది నిమిషాలు అద్దం ముందు. డాన్సుకి మూడు పౌండ్లు, వయొలిన్‌కి మూడు పౌండ్లు. తాళానికి అడుగు పడక డాన్సు మూడు వారాల్లో ఆగిపోయింది. మూడు నెలలకి కళ్లు తెరుచుకున్నాయి. ఊళ్లో అన్నగారు చెమటోడ్చి డబ్బు పంపుతున్నారు, తనిక్కడ దొరవేషాలు వేస్తున్నాడు! ఇక పైసా పైసాకీ లెక్క రాయడం మొదలైంది. రెండు గదులు ఒకటయ్యాయి, బండి ఖర్చు మానేసి నడక పట్టాడు. చిన్న స్టవ్ కొని ఓటు జావ, కోకో తనే కాచుకున్నాడు. రోజుకి షిల్లింగు మూడు పెన్నీలతో తిండి గడిచిపోయింది. ఆ నడకే ఒంటికి బలమిచ్చిందని తర్వాత సంతోషపడ్డారాయన.

1891 జూన్ 10న బారిస్టరయ్యాడు. 12నే ఇంటికి ఓడెక్కాడు. అమ్మని చూడాలని ఒకటే తహతహ. బొంబాయిలో దిగాక అన్నగారు అసలు విషయం చెప్పారు. కొడుకు లండన్‌లో ఉండగానే పుత్లీబాయి కన్నుమూసింది. పరాయి దేశంలో ఒంటరిగా తట్టుకోలేడని ఇంట్లోవాళ్లు దాచారు. తండ్రి పోయినప్పటికంటే ఎక్కువ దుఃఖం కలిగినా, పైకి ఏడవకుండా దిగమింగుకున్నాడు. మూడు నియమాలూ నిలుపుకుని వచ్చానని చెప్పుకోవడానికి అమ్మ లేదు.

ఆ కుర్రాడే తర్వాత మన గాంధీజీ అయ్యారు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి మళ్లీ లండన్ వెళ్లినప్పుడు పెద్ద హోటళ్లు వద్దని, కూలి జనం ఉండే ఈస్ట్ ఎండ్‌లో కింగ్స్‌లీ హాలులో దిగారు. తెల్లవారకముందే ఆ వీధుల్లో నడిచేవారు. ఒకనాడు తెల్లబట్టలు వేసుకున్నందుకు ఆ ఊళ్లోనే సిగ్గుతో కుంచించుకుపోయిన మనిషి, ఈసారి మోకాళ్ల దాకా తెల్ల ఖద్దరు కట్టుకుని, శాలువా కప్పుకుని, చెప్పులతోనే రాజుగారి ప్యాలెస్‌లో అడుగుపెట్టారు.

ఈ వేసవి సెలవులయ్యాక మనలో ఎంతోమంది పిల్లల పెట్టెలు సర్దుతాం. పచ్చళ్లు, పొడులు ఎలాగూ పెడతాం. అవి నెలకో రెండు నెలలకో అయిపోతాయి. పుత్లీబాయి కొడుకు చేతిలో పెట్టి పంపినది మాత్రం మూడేళ్లూ అయిపోలేదు.