నొప్పి తెలియడమూ దేవుని కృపే!

నొప్పి లేని జీవితం కావాలని మనమంతా ప్రార్థిస్తాం. అయితే నొప్పి తెలియని శరీరం ఎంత దుర్భరమో వేలూరులో ఓ డాక్టరు కళ్లారా చూశాడు. ఆయనే డాక్టర్ పాల్ బ్రాండ్.

తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన పాల్, చదువు కోసం తొమ్మిదేళ్లకే ఇంగ్లండు వెళ్లాడు. అతను అక్కడుండగానే 1929లో తండ్రి ఆ కొండల్లో జ్వరంతో చనిపోయాడు. అయినా తండ్రిని పోగొట్టుకున్న దేశానికే 1946లో సర్జనుగా తిరిగొచ్చి, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పరిచర్య మొదలుపెట్టాడు.

కుష్టు వ్యాధే వేళ్లను తినేస్తుందని ఆ రోజుల్లో అంతా నమ్మేవారు. ఒకరోజు తుప్పు పట్టిన తాళాన్ని బ్రాండ్ తెరవలేకపోతుంటే, ఆ వ్యాధి ఉన్న ఓ కుర్రాడు తాళంచెవిని ఇట్టే తిప్పేశాడు. చూస్తే అతని వేలు ఎముకదాకా తెగింది. కుర్రాడికి ఆ సంగతే తెలియదు!

మన చర్మంలోని నరాల కొసలు వేడినీ, గాయాన్నీ పసిగట్టి వెన్నుపాముకు కబురు పంపుతాయి. అది మెదడుకు చేరి నొప్పిగా తెలిసేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. కుష్టు క్రిములు ఆ నరాలనే దెబ్బతీస్తాయి. అందుకే రోగులు కాలే గిన్నెలు పట్టుకునేవారు, పుండుపడిన పాదాలతోనే నడిచేవారు. రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా మెలకువ వచ్చేది కాదు. అందుకని ఇంటికి వెళ్లే రోగులతో ఆయన ఓ పిల్లిని కూడా పంపేవాడు! వంకరపోయిన వారి వేళ్లను ఆపరేషన్లతో సరిచేసి, పనిచేసుకునేలా తీర్చిదిద్దాడు.

ఒకసారి లండన్‌ చేరిన రాత్రి తన మడమలో సూది గుచ్చుకుంటే ఆయనకు నొప్పి తెలియలేదు. తనకూ వ్యాధి సోకిందనుకుని రాత్రంతా కుమిలిపోయాడు. తెల్లవారి మళ్లీ గుచ్చుకుంటే ప్రాణం విలవిల్లాడింది. ప్రయాణంలో నరం నొక్కుకుని తిమ్మిరెక్కిందంతే! ఆ నొప్పికోసం దేవుణ్ని స్తుతించాడు. 2003లో కన్నుమూసేదాకా నొప్పిని దేవుని వరమనే చెప్పాడు.

బాధతో మూలుగుతున్నవారికి ఇది తేలికగా చెప్పే మాట కాదు. కాని మనం ఆలోచించాలి. సంఘాన్ని శరీరంతో పోల్చిన పౌలు, ఒక అవయవపు బాధ అన్నింటిదీ కావాలన్నాడు. మన పక్క బెంచీలోని విధవరాలి కన్నీరు, ఫీజు కట్టలేక చదువు మానిన పిల్లాడి దిగులు మనల్ని తాకుతున్నాయా? తాకకపోతే మనం ఆరోగ్యంగా ఉన్నామని కాదు, మొద్దుబారామని అర్థం. సాటివారి నొప్పి తెలిసే హృదయాన్ని ప్రభువును అడుగుదాం.