పొగమంచును పటంలో నిలిపిన వెంకటప్ప

వైద్యం కోసమో, వ్యాపారం కోసమో, పిల్లల చదువు కోసమో బెంగళూరు వెళ్ళని కుటుంబం మన సరిహద్దు పల్లెల్లో అరుదు. పని ముగిశాక బస్సు వేళ అయ్యేదాకా కబ్బన్ పార్కులో చెట్ల నీడన కూర్చోవడం, ప్రక్కనే కస్తూర్బా రోడ్డులో ఉన్న ఎర్రని మ్యూజియం భవనాన్ని పిల్లలకు చూపించడం మనకు అలవాటే. ఆ మ్యూజియానికి చేరువలోనే వెంకటప్ప చిత్రశాల ఉన్నది. అయితే దాని గుమ్మం దాటి లోపలికి వెళ్ళినవారు మనలో తక్కువమంది. ఒక ప్రభుత్వ చిత్రశాలకు తన పేరు పెట్టించుకోగలిగిన ఈ వెంకటప్ప ఎవరు? ఆయన రాజు కాడు, మంత్రి కాడు, ధనికుడూ కాడు. చేతిపనినే నమ్ముకొని బ్రతికిన ఒక చిత్రకారుల ఇంటి బిడ్డ.

వంశవిద్య

కె. వెంకటప్ప 1886లో మైసూరులో జన్మించారు. ఆయన పూర్వులు మైసూరు సంస్థానంలో చిత్రకారులు. మైసూరు సంప్రదాయ చిత్రానికి ఒక ప్రత్యేకత ఉన్నది. తెల్లని సఫేదా పొడిని జిగురుతో కలిపి మెత్తగా నూరి, ఆ ముద్దతో దేవతామూర్తుల కిరీటాలను, హారాలను, మండపపు స్తంభాలను పటంపై సన్నగా ఉబ్బెత్తుగా తీర్చుతారు. దానిపై బంగారు రేకు అద్దుతారు. కంటితో చూడడమే కాదు, వ్రేలితో తడిమినా ఆ చిత్రం తెలుస్తుంది. రంగు వేయడానికి ముందు పటం యొక్క పైభాగాన్ని సిద్ధం చేయడమే సగం విద్య. ఈ విద్య వెంకటప్పకు ఇంటిలోనే ఉన్నది.

ఆ రోజులలో ఇటువంటి ఇంటి కుర్రవాడు తండ్రి చేసిన పనినే చేసి, ఆస్థానం ఇచ్చినది పుచ్చుకొని జీవించడం ఆనవాయితీ. పనివాడి పేరు పటం మీద కనిపించేది కాదు. నాల్గవ కృష్ణరాజ ఒడయరు ఈ యువకునిలోని ప్రతిభను గుర్తించి ఆదరించారు. సంస్థానం సహాయంతో వెంకటప్ప 1909లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు చేరుకున్నారు.

కలకత్తా సంవత్సరాలు

అక్కడ ఆయనకు గురువు అవనీంద్రనాథ ఠాకూరు. విశ్వకవి రవీంద్రుని పినతండ్రి కుమారుని పుత్రుడైన అవనీంద్రులు, పాశ్చాత్య తైలవర్ణ చిత్రాలకు అనుకరణగా మిగిలిపోతున్న మన చిత్రకళకు స్వంత మార్గం వెదకుతున్న కాలమది. నందలాల్ బోసు, అసిత్ కుమార్ హల్దార్ వంటివారు వెంకటప్పకు సహాధ్యాయులు. జపాను చిత్రకారుల సాంగత్యం వలన అవనీంద్రులకు అబ్బిన ఒక పద్ధతి అక్కడ ప్రచారంలో ఉండేది. కాగితంపై పలుచగా నీటిరంగు పూసి, ఆరిన తరువాత నీటితో తడిపి, మళ్ళీ పూసి, మళ్ళీ తడిపి, పొరమీద పొరగా రంగును కాగితంలోకి ఇంకించడం ఆ పద్ధతి. బంగారు రేకుతో మెరిసే ఉబ్బెత్తు పటాలు చూసి పెరిగిన వెంకటప్పకు ఇది పూర్తిగా ఎదురు మార్గం. అక్కడ రంగు పైకి లేస్తుంది, ఇక్కడ లోపలికి ఇంకుతుంది.

ఆయన ఈ విద్యలోనూ ఆరితేరారు. సోదరి నివేదిత ప్రారంభించగా, ఆమె 1911లో మరణించిన తరువాత ఆనంద కుమారస్వామి పూర్తి చేసి 1913లో వెలువరించిన హిందూ, బౌద్ధ పురాణగాథల ఆంగ్ల గ్రంథంలో వెంకటప్ప చిత్రాలు చోటు చేసుకున్నాయి. భారతీయ శిల్పశాస్త్రాలు చెప్పే అవయవ లక్షణాలపై 1914లో వెలువడిన అవనీంద్రుల చిన్న పుస్తకానికి బొమ్మలు గీసిన శిష్యులలోనూ ఆయన ఒకరు. అప్పటికి ఆయన వయస్సు ముప్పైకి లోపే.

వీణ, నీలగిరులు, 1926

స్వస్థలానికి తిరిగివచ్చిన తరువాత వెంకటప్పకు మరొక మోహం పట్టుకున్నది. అది వీణ. మైసూరు ఆస్థాన విద్వాంసులలో అగ్రగణ్యులైన వీణ శేషణ్ణ వద్ద శిష్యరికం చేసి, కఠోర సాధనతో వైణికుడుగా పేరు తెచ్చుకున్నారు. పెళ్ళి చేసుకోలేదు. కలయే సంసారమైనది. అయితే రెండు కళలు ఒక మనిషిని పంచుకున్నప్పుడు ఏదో ఒకటి వెనుకబడక తప్పదు. వీణకు, కుంచెకు మధ్య నలిగిన తన స్థితినే వస్తువుగా తీసుకొని, వీణపై తనకున్న పిచ్చిని 1926లో ఆయన చిత్రంగా రచించారు. అదే సంవత్సరంలో గురువు శేషణ్ణ కన్నుమూశారు.

అప్పటికి వెంకటప్పకు నలభై ఏళ్ళు. ఆయన చిత్రకళలో పెద్ద మలుపు కూడా ఆ సంవత్సరానిదే. పురాణ పురుషులను, దేవతలను చిత్రించి పేరు పొందిన చేయి నీలగిరుల వైపు తిరిగింది. ఊటీ కొండలు, సరస్సు, తెల్లవారుజాము, వెన్నెల, విరిసిపోతున్న వర్షాకాలపు మబ్బులు ఆయన చిత్రాలలోకి వచ్చాయి. ఆ చిత్రాలలో చెప్పడానికి కథ లేదు. రాముడు లేడు, శకుంతల లేదు. చాలావాటిలో ప్రధానంగా కనిపించేది కొండను కమ్ముకుంటున్న మంచు, మంచును చీల్చుకొని వస్తున్న వెలుగు మాత్రమే.

వెంకటప్పను నైరూప్య చిత్రకారుడని ఎవరూ అనరు. ఆయన గీసినది కొండనే, మబ్బునే. అయినప్పటికీ కథను, మనిషిని తొలగించి, వెలుగు నీడలనే చిత్రానికి వస్తువుగా నిలపడం ఆనాటి మైసూరు సీమలో సాహసమే. ఆస్థానం కోరినది కాదు, గురువు నేర్పినది కాదు, తన కన్ను చూచినది గీయడం ఆ సంవత్సరంలో ఆయనకు స్థిరపడింది. ఉబ్బెత్తు పటాల ఇంటిలో పుట్టి, తడి కాగితాల బడిలో చదివిన చిత్రకారుడు తనదైన మూడవ దారి పట్టారు. తరువాత కొడైకెనాలు కొండలనూ ఆయన ఇదే శ్రద్ధతో చిత్రించారు.

ఈ కథలో మన ప్రాంతానికీ ఒక చిన్న తావు ఉన్నది. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధిపతిగా పనిచేసి, 1919లో రవీంద్రునికి అక్కడ ఆతిథ్యమిచ్చిన ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ దక్షిణదేశంలో కొత్త భారతీయ చిత్రకళకు గొప్ప ప్రచారకుడు. మైసూరు జగన్మోహన ప్రాసాదంలో 1924లో చిత్రశాల ఏర్పాటుకు తోడ్పడినవారాయన. వెంకటప్ప చిత్రాలను ఆ ప్రాసాదంలోనూ చూడవచ్చు.

గోడపై శిల్పం, గుండెలో పట్టుదల

కొండల చిత్రాలతో ఆయన ఆగిపోలేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఉబ్బెత్తు ఫలకాలు రూపొందించడం ఆరంభించారు. నీటిలో కలిపిన కొద్ది నిమిషాలలోనే గట్టిపడే ఈ పొడితో పని చేయడం సులభం కాదు. రంగు సహాయం ఉండదు. ఎంత ఎత్తు లేపితే ఎంత నీడ పడుతుందన్నదే లెక్క. కణ్వాశ్రమాన్ని వీడి వెళ్ళే శకుంతల ఘట్టం వంటివాటిని ఆయన ఈ విధంగా మలిచారు. చిన్ననాడు ఇంటిలో చూసిన ఉబ్బెత్తు పని నడివయస్సులో మరొక రూపంలో ఆయన చేతికి తిరిగివచ్చినదని ఆ ఫలకాలను చూసినవారికి తోచక మానదు.

ఈ ఫలకాలే ఆయన జీవితంలో పెద్ద సంఘర్షణకు కారణమయ్యాయి. ఆదరించిన మహారాజు 1940లో పరమపదించారు. రాజప్రాసాదం కోసం చేసిన పనికి రావలసిన ప్రతిఫలం విషయమై వివాదం ఏర్పడి, అది న్యాయస్థానం వరకు వెళ్ళింది. తరతరాలుగా ప్రభువు ఇచ్చినది కళ్ళకద్దుకొని తీసుకున్న వంశంలో పుట్టినవాడు, తన పనికి తానే విలువ కట్టి, ఆ విలువ కోసం ప్రాసాదాన్నే ఎదిరించి నిలవడం ఆ రోజులలో సామాన్యం కాదు. కొందరికి అది కృతఘ్నతగా తోచి ఉండవచ్చు. కాని కళాకారుడు బిచ్చగాడు కాడన్న సంగతిని మైసూరు రాజ్యంలో అంత గట్టిగా నిలబెట్టినవారు అంతకు ముందు లేరు. నేతగాడైనా, వడ్రంగియైనా, శిల్పియైనా తన చెమటకు తగిన ధర అడిగే హక్కు గురించి నేడు మాట్లాడుకుంటున్నామంటే, అటువంటివారు ముందుగా నష్టపోవడానికి సిద్ధపడినందువల్లనే.

ఆ తరువాత ఆయన నివాసం బెంగళూరు. అక్కడ నిరాడంబరంగా, ఏకాంతంగా జీవించారు. తన చిత్రాలను సంతలో సరుకువలె చూడడం ఆయనకు రుచించేది కాదు. 1965లో బెంగళూరులోనే తనువు చాలించారు.

మిగిలిన ఇల్లు

ఆయన మరణానంతరం కర్ణాటక ప్రభుత్వం కబ్బన్ పార్కు అంచున ఆయన పేరిట చిత్రశాలను నిర్మించింది. 1970ల మధ్యలో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. వెంకటప్ప చిత్రాలతోపాటు కె.కె. హెబ్బారు చిత్రాలకూ అక్కడ చోటు లభించింది. అద్దె హంగులు భరించలేని యువ చిత్రకారులు ఎందరో తమ తొలి ప్రదర్శనను ఆ గోడలపైనే ఏర్పాటు చేసుకున్నారు. కొండలూ మబ్బులూ కూడా లేకుండా కేవలం రంగుతో, గరుకుతో, గీతతో చిత్రాలు రచించే నైరూప్య చిత్రకారులకు కూడా అదే ఆశ్రయమైనది.

ఈ చిత్రశాల నిర్వహణలో ఒక ప్రైవేటు సంస్థకు భాగం ఇవ్వాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, 2016లో బెంగళూరు కళాకారులు వీధికి వచ్చి నిరసన తెలిపారు. పేద కళాకారునికి తలుపు మూసుకుపోతుందేమోనన్నది వారి భయం. వెంకటప్ప మరణించిన అర్ధశతాబ్దం తరువాత కూడా, కళ ఎవరి సొత్తు, కళాకారుని శ్రమకు ఎవరు విలువ కట్టాలి అన్న ప్రశ్న ఆయన పేరున్న ఇంటి ముందే మళ్ళీ తలెత్తింది. చిత్రశాల ప్రజల ఆస్తిగానే నిలిచింది.

ఈసారి బెంగళూరులో బస్సుకు రెండు గంటల వ్యవధి ఉంటే, పిల్లలను వెంటబెట్టుకొని ఆ చిత్రశాల తలుపు తట్టవచ్చు. చదువులో వెనుకబడ్డాడని, ఎప్పుడూ బొమ్మలు గీస్తుంటాడని మనం కసరుకునే పిల్లవాడు ఇంటిలో ఉంటే, వానిని తప్పక తీసుకువెళ్ళాలి. వందేళ్ళ నాటి ఊటీ పొగమంచు ఒక కాగితంపై ఇంకా కరగకుండా నిలిచి ఉండడం వాడు తన కళ్ళతో చూస్తాడు.