కాటను దొరయు, కాసులు లేని ఖజానాయు

ఏలూరినుండి తాడేపల్లిగూడెము వఱకు కాలువగట్టు వెంట పోవువారికి ఇరుప్రక్కలను వరిచేలు కానవచ్చును. విజ్జేశ్వరముకడ గోదావరిని విడిచిన నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరి, అచట కృష్ణనుండి వచ్చు కాలువతో కలియుచున్నది. ఈ నీరు అనాదిగా నున్నదే యని మనలో ననేకులు తలంతురు. అది యొక ఇంజనీరునకును, ధనము లేదనెడి ప్రభుత్వమునకును జరిగిన వాదమునకు ఫలము. 2025 ఫిబ్రవరిలో బ్రిటిషు ప్రభుత్వము పరదేశాభివృద్ధికి తానిచ్చు సాయమును 2027 నాటికి జాతీయాదాయములో నూటికి 0.5 నుండి 0.3 వంతుకు తగ్గింతునని ప్రకటించినది. దూరదేశపు ప్రజలకొఱకు వ్యయపెట్టుట ఇక్కట్టు కాలమున విలాసమా యను ప్రశ్న మరల బయలుదేఱిన యీ సమయమున, సర్ ఆర్థరు కాటను చరిత్రమును పాఠకులకు జ్ఞప్తి చేయుట యుచితమని మేము తలంచుచున్నాము.

ఆయన 1803 మే 15వ తేదీని జన్మించెను. చెన్నపురి ఇంజనీర్ల దళమున ప్రవేశించి 1821లో హిందూదేశమునకు వచ్చి, మొదటి బర్మాయుద్ధమున పనిచేసెను. పిమ్మట తంజావూరు సీమలో కొల్లడము నదిపై ఆనకట్టలు కట్టించెను. ఇసుకపై రాతికట్టడము నిలుచునని పురాతన చోళుల ఆనకట్టయే ఆయనకు బోధించినది. మన పూర్వుల విద్యను గౌరవముతో నేర్చుకొనుటయే ఆయన విజయమునకు ప్రథమ సోపానమని మేమందుము.

ఆ దినములలో గోదావరి మండలపు స్థితి శోచనీయము. 1832–33లో ఘోరమైన కఱవు వచ్చినది. 1839లో కోరంగి తీరమును తుపాను ముంచినది. 1821లో 7,38,308గా నున్న మండల జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి తగ్గినది. ఇరువది యేండ్లలో లక్షా డెబ్బదియేడువేల మందికి పైగా తగ్గిరి. కొందఱు చచ్చిరి, కొందఱు వలసపోయిరి. అంత మహానది చెంతనే పాఱుచుండగా పైరులెండుట కంటె విపరీతమేమున్నది? కాని కుంఫిణీవారి ఖజానాను అఫ్గన్, సింధు, సిక్కు యుద్ధములు వరుసగా పీల్చుచుండెను. తుపాకిమందునకు దొరకిన ధనము తూములకు దొరకకుండెను.

1844లో సర్ హెన్రీ మాంట్‌గొమరీ మండలస్థితిని విచారించి, కాటనుచేత పరిశీలింపజేయవలెనని సిఫారసు చేసెను. కాటను తన నివేదికలలో దయను యాచింపలేదు, లెక్క చూపెను. కావేరీజలముతో తంజావూరు సంపన్నమై సర్కారునకు శిస్తు చెల్లించుచుండగా, అంతకంటె పెద్దదైన గోదావరి సముద్రము పాలగుచున్నదనియు, కాలువలు త్రవ్వకుండుటయే అసలైన దుర్వ్యయమనియు ఆయన వాదము. 1846 డిసెంబరులో లండనునందలి డైరెక్టర్లు ఆనకట్టకు సుమారు 4 లక్షల 75 వేల రూపాయల అంచనాను అంగీకరించిరి. 1847లో పని మొదలయ్యెను. 1848లో దేహము చెడి కాటను ఆస్ట్రేలియాకు పోగా, కెప్టెన్ ఓర్ పని నడిపెను. 1850లో కాటను మరలివచ్చెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగముల ఆనకట్ట 1852లో ముగిసెను.

ఇచట నొక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. ఇది ఇంగ్లండువారి దానము కాదు. హిందూదేశపు ఆదాయము నుండియే యీ ధనము వచ్చినది. శిస్తురూపమున రైతులే దానిని పలుమాఱులు తీర్చిరి. 1929–30 ప్రాంతమున రూపాయికి మూడణాల వంతున శిస్తు పెంచబూనినప్పుడు ఈ మండలముల రైతులు ఆందోళన చేసినది ఈ బాధచేతనే. ఆంగ్ల రైలుకంపెనీలకు నూటికి అయిదు వడ్డీ పూచీపడిన ప్రభుత్వము కాలువలకు కాసు లేదనుటను కాటను కడవఱకు ఖండించెను.

ఆయన దోషములను దాచుట మాకిష్టము లేదు. వడ్డీ పూచీతో 1858లో ఏర్పడిన చెన్నపురి నీటిపారుదల కంపెనీ కర్నూలు కాలువకై పదిలక్షల పౌనుల మూలధనమును చెల్లించియు లాభము చూపలేకపోయినది. 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. 1878లో పార్లమెంటు ఉపసంఘము ఎదుట ప్రతిపక్షులు ఈ వైఫల్యమునే ఆయనకు చూపిరి. గోదావరిలో లాభించిన లెక్క ప్రతిచోట లాభింపదని ఆయన గ్రహింపలేదు. డెల్టాలో సైతము నీరు తెచ్చుటయందున్న శ్రద్ధ నీరు తీయుటయందు లేకపోయెను. రెండు డెల్టాల మురుగును, బుడమేరు తమ్మిలేరుల వఱదయు కొల్లేటిలో చేరగా, సముద్రమునకు పోవు త్రోవ ఉప్పుటేఱొక్కటియే. సరస్సు చుట్టుపట్ల గ్రామములవారు దీని ఫలము నేటికిని అనుభవించుచున్నారు.

1861లో సర్ బిరుదమునంది, 1899 జూలైలో ఆయన స్వదేశమున గతించెను. 1982లో ముగిసిన క్రొత్త బ్యారేజికి ఆయన పేరే పెట్టబడినది. దాని క్రింద నేడు సుమారు పదిలక్షల యెకరములు సాగగుచున్నవి.

ధనము కొఱతయైనప్పుడు ప్రభుత్వము ఖర్చు తగ్గింపవలసినదే. అందులో మాకు భేదాభిప్రాయము లేదు. కాని ఏ ఖర్చును, ఎవరి మీద, ఆలస్యమునకు మూల్యమెవరిచ్చెదరు అను విచారణ ముందు జరుగవలెను. బ్రిటిషు లెక్కలలో 1841కి పూర్వము మిగిలిన సొమ్మునకు మూల్యము గోదావరి ప్రజలు ప్రాణములతో చెల్లించిరి. పరదేశముల సంగతి యటుండగా, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి మనమింకను మఱువలేదు. కాటను నీటిని తాగుచున్న మండలమువారు, ఆయన విడిచిన మురుగుపని లెక్కను తమ ప్రతినిధులను అడుగుట న్యాయము.